బ్లేడుకు కీ ఎందుకు వెయ్యలేదు?

అన్నయ్యా, మిషనులో తిరిగే ఆర్బరు ఇరుసు మీద పల్చటి కోత బ్లేడు జారకుండా కీ అనే ఇనుప చీల వెయ్యాలి కదా, నువ్వెందుకు నట్టు మాత్రం బిగించి ఊరుకునేవాడివి? పిడి నుంచి ఊడిన గొడ్డలి పొరుగువాడిని చంపుతుందని బైబిల్లో ద్వితీయోపదేశకాండము తెరిచి చూపించినా నవ్వేవాడివి. చల్లపల్లి బావ మాత్రం నా మాట విని తన మిషను బ్లేడుకు కీ వేసుకున్నాడు.

నువ్వు పోయాక మిషను షెడ్డు వదినే నడుపుతోంది. ఇవాళ ఇత్తడి ముక్క కోస్తుంటే బ్లేడు ఇరుక్కుంది. ఆర్బరు తిరుగుతూనే ఉంది, బ్లేడు జారి నిలబడిపోయింది. ఒక్క పన్నూ విరగలేదు. ఇందుకా నువ్వు నవ్వింది?

“కీ ఉంటే ముక్కలై నా మొహాన పడేది మరిదిగారూ. ఆ గొడ్డలిని చర్చిలోనే ఉంచండి,” అంది వదిన.

వెంటనే ఎస్టీడీ బూతుకు పరుగెత్తి చల్లపల్లికి ఫోను చేశాను.

“బావా, ముందు మిషను ఆపు. ఆ కీ ఇప్పుడే పీకెయ్.”