బిస్కెట్ల డబ్బాలో రొద

ప్రియమైన చెల్లాయికి,

ఒంట్లో ఓపిక లేదు, అయినా చేతులు ఊరుకోవడం లేదు. తుంటి విరిగి మంచం పట్టిన మీ వదిన "పాటలైనా వినిపించండి" అని అడిగింది. చచ్చిన రేడియోలోంచి ట్రాన్స్‌ఫార్మర్, పాత టీవీలోంచి స్పీకర్లు పీకి, బిస్కెట్ల డబ్బాలో బిగించి యాంప్లిఫయర్ చేశాను. పాట బాగానే వస్తోంది. కానీ వెనకాల గుయ్‌మని ఒకటే రొద. ముప్పయ్యేళ్ళు మైకుసెట్లు బాగుచేసినవాణ్ణి, ఇలాంటిది ఆమె పక్కన ఎలా పెట్టను? ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఫ్యాక్టరీలో పనిచేసినదానివి, నువ్వే చెప్పాలి.

అలసిపోయిన
నీ అన్నయ్య

---

అన్నయ్యకు,

మళ్ళీ టంకం పొగ పీలుస్తున్నావన్నమాట! నాకు టంకం పెట్టడం నేర్పినవాడివి, నన్ను అడుగుతున్నావా? పాత కెపాసిటర్లు ఎండిపోయుంటాయి, మార్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఓ మూలకు జరుపు. ఎర్త్ తీగలన్నీ ఒకేచోట కలుపు. అయినా ముందు వదినకు వినిపించకూడదూ? పాపం, గోడకేసి చూస్తూ ఎంతకాలమని పడుకుంటుంది!

నీ చెల్లి

---

చెల్లాయీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. నాలుగుసార్లు విప్పి బిగించాను. రొద అలాగే ఉంది. నిన్న విసుగొచ్చి డబ్బాను వదిన గదిలోకి తీసుకెళ్ళి, "విను, ఎలా గుయ్‌మంటోందో!" అన్నాను. "నాకేం వినబడట్లేదండీ" అంది. నన్ను నొప్పించడం ఇష్టంలేక అబద్ధమాడుతోందనుకుని కసురుకున్నాను. మంచంలో ఉన్న మనిషిని! డబ్బా తెచ్చి మళ్ళీ బల్లమీద పడేశాను. నాకు పని చేతకాకుండా పోయిందే. రేపో మాపో దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను.

అన్నయ్య

---

అన్నయ్యా,

ఇచ్చేయకు. నేను చెప్పే ఈ ఒక్కటీ చెయ్యి. ప్లగ్గు పీకేసి, కిటికీలు మూసి, కాసేపు కూర్చుని విను.

ఇన్నేళ్ళూ నీ దగ్గర దాచిన మాట ఒకటుంది. ఫ్యాక్టరీ మానేసిన ఏడాది నాకూ ఇంట్లో గుయ్‌మని వినబడేది. ఫ్రిజ్‌దే తప్పని మెకానిక్‌ను మూడుసార్లు పిలిచాను, నాలుగోసారి అతను రానన్నాడు. చివరికి చెవుల డాక్టరు చెప్పాడు, రొద ఫ్రిజ్‌లో లేదని. నువ్వు బెంగపడతావని చెప్పలేదు.

నీ చెల్లి

---

ప్రియమైన చెల్లాయికి,

ప్లగ్గు పీకేశాను. కూర్చున్నాను. రొద ఉంది.

భయమేసింది, చెల్లీ. పనివాడికి చేతులతో పాటు చెవులేగా ఆస్తి. నువ్వు ఇన్నేళ్ళు ఒక్కదానివే దీన్ని మోశావంటే ఇంకా బాధేసింది. అన్నయ్యకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకుంటావే?

తర్వాత డబ్బా తీసుకెళ్ళి వదిన మంచం పక్కన పెట్టి, కసురుకున్నందుకు క్షమించమన్నాను. "అది సరే, పాట పెట్టండి" అంది. పెట్టాను. కళ్ళు మూసుకుని, దుప్పటి మీద వేళ్ళతో తాళం వేసింది.

ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నేను చేసిన డబ్బాలో రొద ఉందో లేదో ఇక నా చెవులతో నేను తేల్చుకోలేను. మీ వదిన లేదంటోంది. నమ్ముతున్నాను.

నీ అన్నయ్య