ఢిల్లీ అర్జీకి ఒక సాక్షి

వల్లూరు,
జూన్ 3

ప్రియమైన తమ్ముడు హనుమంతుకు,

ఫోన్ చేస్తే "బాగుండానక్కా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్నైతే సగంలో పెట్టేయలేవు.

మా నాలుగెకరాల కేసు నువ్వు బంట్రోతుగా ఉన్న కోర్టులోనే పోయింది కదా. కాగితాలన్నీ మీ బావ నారప్ప పేరనే సరిగ్గా ఉన్నాయని జడ్జిగారు నిండు కోర్టులో తన నోటితోనే అన్నారు. నెల తిరిగేసరికి తీర్పు మా దాయాది కొల్లప్పకు అనుకూలంగా వచ్చింది. అప్పీలు వేశాం, అది దాని దారిన నడుస్తుంది. నన్ను తొలుస్తున్నది వేరే. ఆ నెల రోజుల్లో ఏం జరిగింది?

మొన్న కూలికి సోలార్ ప్యానెళ్లు కడిగి, వాటి నీడలోనే కూర్చుని సద్ది తింటుంటే నాతో పనికొచ్చే హొన్నూరమ్మ అడిగింది: "తాశిల్దారు తప్పు చేస్తే పైన డీసీ ఉండాడు. ఎమ్మెల్యే తప్పు చేస్తే మన ఓటుండాది. జడ్జి తప్పు చేస్తే యాడికి పోవాలక్కా?" ఎనిమిది మంది ఆడవాళ్లం, ఒక్కరికీ తెలియదు. నీకు తెలుసా?

మా లాయరు యోగీశ్ చేత కేంద్ర ప్రభుత్వానికి అర్జీ రాయిస్తున్నాను. జడ్జీల అవినీతిని పట్టించుకోండి, మాలాంటివాళ్లు కూడా పోయి అడగగలిగే ఒక చోటు పెట్టండి అని. మా ఊళ్లో, పక్కనున్న బలసముద్రంలో చాలామంది సంతకాలు పెట్టారు.

ప్రశ్నలతో నీ ప్రాణం తీసే
అక్క గంగాదేవి

* * *

జూన్ 12

ప్రియమైన అక్కకు,

ఇకమీద కోర్టు అడ్రసుకు రాయకు. గుమాస్తా కవరు పట్టుకుని "మీ యక్క ఏందప్పా, ఇంత లావు జాబు రాసింది?" అన్నాడు. ఇంటికి రాయి.

హొన్నూరమ్మ ప్రశ్నకు జవాబు ఉంది. హైకోర్టుకు ఫిర్యాదు చేయొచ్చు. కాకపోతే ఊరికే కాగితం పంపితే పక్కన పెడతారు, ప్రమాణపత్రం జతచేయాలి. కళ్లారా చూసినవాడి మాట ఉంటేనే దానికి బలం. ఆ తర్వాత జడ్జి సంగతి జడ్జీలే చూస్తారు. లోపల ఏమైందో మనకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లుగా కోర్టు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచేవాణ్ణి, నాకే తెలియదు.

ఆ నెల రోజుల్లో ఏం జరిగిందని మాత్రం నన్ను అడగొద్దు. నాకింకా మూడేళ్ల సర్వీసు ఉంది. బావను అడిగానని చెప్పు.

ఎప్పటికీ నీ మాట దాటలేని
తమ్ముడు హనుమంతరాయ

* * *

వల్లూరు,
జూన్ 20

ప్రియమైన హనుమంతుకు,

ఏం జరిగిందో తెలియదని నువ్వు రాయలేదు. అడగొద్దని రాశావు. అంటే నీకు తెలుసు.

నిన్ను జడ్జిగారి బంగళా డ్యూటీకి వేసి ఏడాది దాటింది. కూరగాయలు తెచ్చేదీ నువ్వే, గేటు తీసేదీ నువ్వే. యోగీశ్ ఏమన్నాడో విను: "ఒక్క సాక్షి ఉంటే సాలక్కా, ఢిల్లీలో చదువుతారు. లేకుంటే కేసు ఓడిపోయినోళ్ల ఏడుపు అంటారు."

నీ ఉద్యోగం సంగతి నాకు గుర్తు లేక కాదు. ఈ మాట అడగడానికి నాకు నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను. చూసింది చూసినట్టు రాసి పంపు. ఎవరినీ దాచకు. మీ బావ మాత్రం "వాన్నెందుకు ఇరికిస్తావు, ఇడ్సిపెట్టు" అంటున్నాడు.

ఆశతో,
నీ అక్క

* * *

జూలై 15

ప్రియమైన అక్కకు,

రాశాను, ఈ కవర్లోనే పెట్టాను. రెండు పేజీలు రాయడానికి మూడు వారాలు పట్టింది. బంగళాకు ఎవరెవరు వచ్చారు, ఏ తేదీన వచ్చారు, లోపలికి ఏం పట్టుకుపోయారు, అన్నీ ఉన్నాయి. కొల్లప్ప పేరు రెండో పేజీలో ఉంది.

దానికి పైనే బావ పేరు ఉంది.

జడ్జిగారు మీ కాగితాలు సరిగ్గా ఉన్నాయని అన్నారే, దానికి ముందు ఆదివారం పొద్దున బావ సంచితో వచ్చాడు. గేటు తీసింది నేనే. "అందరూ ఇస్తాండారంటప్పా. మనం ఇయ్యకుంటే చేను పోతాది. మీ యక్కకు సెప్పద్దు" అన్నాడు. కొల్లప్ప ఆ తర్వాత వచ్చాడు. ఇద్దరి దగ్గరా తీసుకున్నారు.

లంచం ఇచ్చినవాడికి కూడా శిక్ష ఉంది అక్కా. ఎవరినీ దాచకు అన్నావు, దాచలేదు. రెండో పేజీ చింపేసినా నేను నిన్నేమీ అడగను.

సిగ్గుతో,
హనుమంతు

* * *

వల్లూరు,
ఆగస్టు 2

ప్రియమైన హనుమంతుకు,

నీ ఉత్తరం చదివి నేరుగా గొర్రెల దొడ్డికి పోయి మీ బావను అడిగాను. "ఔను, ఇచ్చినా" అన్నాడు. కాగితాలు మనవే కదా, మరెందుకు ఇచ్చినావు అన్నాను. "మనవని నాకు తెలుసు. ఆయప్పకు తెలుస్తాదో లేదోనని బయమాయ" అన్నాడు. తిట్టాలని పోయినదాన్ని, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ రోజు కోర్టులో జడ్జిగారి మాట విని న్యాయం గెలిచిందని అందరికీ బెల్లం పంచాను కదా, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మరునాడు ప్యానెళ్ల దగ్గర అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మీ సంతకాలు వెనక్కి తీసుకోండి అన్నాను. హొన్నూరమ్మ "మా ఇంట్లో ఏం జరిగుండాదో మేమూ పోయి అడగాల" అంది. సంతకం ఎవరూ తీసుకోలేదు.

నీ రెండు పేజీలూ ఈ కవర్లోనే తిరిగి పంపుతున్నాను. ఏదీ చింపలేదు. వాటిని ఏం చేయాలో నువ్వే చూసుకో, నేనింక బలవంతపెట్టను. చూసినవాడికంటే ఇచ్చినవాడే పెద్ద సాక్షి కదా, ఆ మనిషి నా ఇంట్లోనే ఉన్నాడు. సాక్ష్యం చెప్పమంటే పది రోజులు వద్దన్నాడు. పదకొండో రోజు తానే చొక్కా తొడుక్కుని వచ్చి, పావగడ టౌనుకు పోదాం పద అన్నాడు. నోటరీ ముందు ప్రమాణం చేసి, ఏ రోజు, ఎవరికి, ఎంత ఇచ్చాడో అంతా రాయించాడు.

"మొదటి కేసు నీమీదనే రావచ్చు మామా" అని యోగీశ్ గట్టిగానే హెచ్చరించాడు.

"రానీప్పా. ఏం జరిగిందని అడిగేకి ఒకరన్నా వస్తారు గదా" అన్నాడు మీ బావ.

ఆ ప్రమాణపత్రం జతచేసిన అర్జీ నిన్న రిజిస్టర్ పోస్టులో ఢిల్లీకి పోయింది. అందులో మొదటి సంతకం ఆయనది, రెండోది నాది.

నిన్ను ఎప్పటిలాగే ప్రేమించే
అక్క గంగాదేవి