కీ నా సంచీలోనే ఉండాది

పావగడ తాలూకా, తిరుమణి దాపు ఊరిలో కాపురమున్న దొడ్డమ్మ, వయసు అరవై తొమ్మిది, కాలం చేసిన ఎర్రప్ప భార్య, ఒక ఇల్లు, పద్దెనిమిది గొర్రెలు, చదువు లేదు, పంచాయతీ అధ్యక్షురాలు, బళ్లారిలో ఉన్న తన కొడుకు గోపికృష్ణను దీవించి రాయిస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలట. బతికే ఉన్నాం. అక్కడ నువ్వూ క్షేమమేనని నీ ఉత్తరం చదివించుకుని తెలుసుకున్నాను. ఫోన్ ఆపేసి ఉత్తరం ఎందుకు రాశావో కూడా తెలుసుకున్నాను.

రాస్తున్నది గొర్రెల జయరామప్ప కూతురు ధనుశ్రీ. వై.ఎన్.హొసకోటలో కంప్యూటర్ చదువుతోంది. నేను చెప్పినది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేసింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు అలాగే ఉంది. బొల్లి గొర్రె రెండు పిల్లలను ఈనింది, రెండూ బతికాయి. "ఊళ్ళో నా గురించి ఎవరైనా అడుగుతున్నారా" అన్నావు. అడుగుతున్నారు.

గుట్ట కింది మేతబీడు ఒక్కటే మందలకు మిగిలింది. మిగతా నేలంతా సోలార్ పలకల కిందికి పోయింది. అది కూడా కంపెనీ అడిగితే, అభ్యంతరం లేదని అధ్యక్షురాలు సహి, అదే సంతకం, చేయాలన్నారు. ఇప్పటి సహి కాగితం మీద కాదు కదా, పెన్‌డ్రైవ్ లాంటి ఆ కీతో కంప్యూటర్లో. గొర్రెలవాళ్ళందరి ముందు నా వక్కాకు సంచీ ఎత్తి చూపించాను. "కీ దీంట్లో ఉండాదప్పా. దొడ్డమ్మ ఒత్తకుండా బీడు యాడికీ పోదు" అన్నాను. ఆ మాట నమ్మి ఎవరూ పావగడకు అర్జీ పెట్టలేదు.

పోయిన నెల గుంతలు తవ్వే యంత్రం బీడులో దిగింది. జయరామప్ప పంచాయతీ ఆఫీసులో నా ముందర అభ్యంతరం లేదన్న కాగితం విసిరేశాడు.

"ఏమక్కా, సంచీ సంచీ అంటివే! ఇదెవరి సహి?"

"నాది కాదురా."

"కంప్యూటరు నీదే అంటాది. అది అబద్ధం చెప్తాదా, నువ్వు చెప్తావా?"

గుమాస్తా కార్తిక్ కంప్యూటర్లో తెరిచి చూపించాడు. నా పేరు పక్కన పచ్చటి గుర్తు. నేను సంచీలోంచి కీ తీసి బల్లమీద కొట్టాను. "పెట్టి చూడప్పా. నా నడుము దిగి ఇది యాడికీ పోలేదు."

పెట్టాడు. తెర మీద చదివాడు. "అవ్వా, ఇది సచ్చి ఏడు నెలలైంది. పోగొట్టుకున్నానని అర్జీ పెట్టి మీరే కొత్తది తీసుకున్నారు."

"నేనా?"

"మీ మొగం చూసే ఇస్తారవ్వా. వీడియో ఉంటాది."

ఏడు నెలలు చచ్చిన కీని తమలపాకుల్లో పెట్టుకుని కాపలా కాశాను.

ఇంటికి వచ్చాక ధనుశ్రీని కూర్చోబెట్టి అడిగాను. "జతగా రెండు కీలుంటాయవ్వా. ఒకటి గుట్టుగా నీ దగ్గరే ఉంటాది, ఇంకొకటి లోకానికంతా ఇస్తారు. నీదాంతో చేసిన సహిని లోకం దాంతో సరిచూస్తారు. ఒక్క అక్షరం మార్చినా తెలిసిపోతాది" అంది.

"లోకం దగ్గరుండేది నా కీ జతేనని ఎవరు చెప్పినారే?"

"దానికే సర్టిఫికెట్. నీ మొగం, ఆధారు, ఫోన్ నంబరు చూసి, ఇది దొడ్డమ్మదేనని ఒక పెద్ద సంస్థ పూచీ పడతాది."

మన గొర్రెల చెవికోత లాంటిదే. కత్తి మన ఇంట్లో ఉంటుంది, కోతను ఎవరైనా గుర్తుపడతారు, అది ఎర్రప్ప ఇంటి కోతేనని కులపెద్ద పూచీ. కానీ కత్తి పట్టిన చెయ్యి ఎవరిదో చెవికేం తెలుసు? ఆ సంస్థకు ఇచ్చిన ఫోన్ నంబరు నీది.

వేలిముద్ర వేసి కొత్త కీని రద్దు చేయించాను. బీడు దక్కిందనుకున్నాను. "ఇకమీదే చెల్లదవ్వా. రద్దుకు ముందు చేసిన సహి నిలబడతాది. ఆ పొద్దు కీ వేరేవాళ్ళ చేతిలో ఉండిందని రుజువు కావల్ల" అంది ఈ పిల్ల. ఆ రుజువు చెప్పగలిగినది నేనొక్కదాన్నే.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. పింఛను కోసమని నన్ను మోసం చేసి వీడియో తీశావని ఊరంతా చెప్పాను. అది అబద్ధం. నీ చెల్లెలు ఆశకు భాగం ఇచ్చానని రెండేళ్ళు నా గడప తొక్కలేదు నువ్వు. ఆ రోజు వచ్చి కూర్చుని సంగటి తిన్నావు. రెండో ముద్ద అడిగావు. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, "బతికుండావని చూపించేదానికేమా, నేను చెప్పినట్టు చెప్పు" అన్నావు. నువ్వు చెప్పించిన మాటల్లో డిజిటల్ సహి అన్న మాట ఉంది. రెండేళ్ళుగా అధ్యక్షురాలిని, ఆ మాట నాకు తెలియదా? ఎందుకురా అని అడిగితే కంచం ముందు నుంచి లేచిపోతావని భయపడ్డాను. నువ్వు చెప్పినట్టే అన్నాను.

ఆ తర్వాత, బిల్లులు యాడనుంచైనా ఒత్తొచ్చు, నువ్వు ఆఫీసుకు పోవద్దులేమా అన్నావు. మానేశాను. కీ నా దగ్గరుంటే ఒత్తుతున్నదెవరని అడగలేదు. సంచీ ఎత్తి చూపించిన రోజు కూడా నా లోపల ఆ అనుమానం ఉంది. నిన్ను కంపెనీవాళ్ళు జీపు కాంట్రాక్టుతో కొన్నారు. నన్ను నువ్వు రెండు ముద్దలు తిని కొన్నావు.

సోమవారం పావగడలో ఈ సహి మీద విచారణ. నా హేళికె, అదే వాంగ్మూలం, రాసి తెమ్మన్నారు. వేరే రాయించడం లేదు, ఈ ఉత్తరమే ఇస్తాను. ధనుశ్రీ రెండు ప్రతులు రాస్తోంది, ఒకటి నీకు, ఒకటి అధికారికి. నా కుర్చీ పోతుంది. నీ కోసం పోలీసులు రావచ్చు. బీడు తిరిగి వస్తుందో రాదో ఈ పిల్లకూ తెలియదట.

అధికారి ప్రతిలో పైన నీ పేరు రాయాల్సిన చోట ధనుశ్రీ కలం ఆపింది. "అవ్వా, కొడుకుకు అని మాత్రం రాసేదా?" అంది. "నాకుండేది ఒకే కొడుకు. పేరు రాయే" అన్నాను. రాసింది.

ఇట్లు,
నీ తల్లి దొడ్డమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

చదివి వినిపించగా విని, మా ఎదుట వేలిముద్ర వేసినందుకు సాక్షులు:
జయరామప్ప
ఆశ, దొడ్డమ్మ కూతురు