ఒక్క పూట పస్తు

19 మే 2024, ఆదివారం

ప్రశాంత్‌కుమార్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈ నెలలో ఐదోసారి. స్కూల్ అడ్మిషన్ అయిపోయిందట, యూనిఫాం కొలతలు తీసుకోవాలట. మంజుశ్రీని ఇరవై ఆరో తేదీ లోపల తెచ్చి దిగబెట్టండి, వీలు కాకపోతే నేనే వస్తాను అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నాకు మంట. గట్టిగా అరిచి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని.

మంజు నా చెల్లెలు సౌభాగ్య కూతురు. సౌభాగ్య డెంగీతో పోయేనాటికి పిల్లకు ఎనిమిది నెలలు. ప్రశాంత్‌కుమార్ అప్పుడు ఇక్కడే, బలసముద్రం సోలార్ ప్లాంట్‌లో టెక్నీషియన్. దినాలు అయిపోగానే పిల్లను నా ఒడిలో పెట్టి కార్వార్‌లో ఏదో పోర్టు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళ కిందట మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మంజుకు ఇప్పుడు నాలుగున్నర. నన్నే అమ్మ అంటుంది. ఎవరూ నేర్పలేదు, మా పిల్లలను చూసి అదే మొదలుపెట్టింది.

కన్నవాడు అతను. కోర్టుకు పోయినా అతని మాటే చెల్లుతుంది. మా ఇంట్లోనూ అంతే. తండ్రి బిడ్డ తండ్రికే మేయ్, మనం యాడ దాచిపెడతాము అన్నాడు మా ఆయన ఓబులేశ్. అని, బయటికి పోయి తను తోలే ప్లాంట్ వాళ్ళ వ్యాన్ టైరును కాలితో తన్నాడు.

21 మే

సముద్రం చూసేకి పోతాండామని పిల్లలకు చెప్పాం. ముగ్గురిలో ఎక్కువ గంతులు వేసింది మంజే.

23 మే, గురువారం

నాలుగు రోజులు లీవ్ పెట్టాను. ప్లాంట్లో నాతో పాటు సోలార్ ప్లేట్లు కడిగే ఆడవాళ్ళ హాజరు రాసేది నేనే. పుస్తకం వాళ్ళలో ఒకరైన మారక్క చేతికి ఇస్తే, పిల్లను వదిలేకి పోతాండావా అని అడిగింది. సముద్రానికి అన్నాను. ఊరంతా తెలిసిన సంగతే, తెలియనిది ఆ పిల్లకే.

మా మామ గోపాలప్ప పొద్దుటి నుంచి అరుగు మీదే కూర్చున్నాడు. నలభై ఏళ్ళు గొర్రెలు కాసిన మనిషి. ప్లాంట్ కంచెలు వచ్చి మేత పోయాక మంద అమ్మేశాడు. ఆ తర్వాత ఆయనకున్న పని అంతా మంజే. మమ్మల్ని పంపించి తను ఇంట్లోనే ఉంటాడట, రాడట.

సాయంత్రం నన్ను పిలిచాడు. తల్లి లేని పిల్లను ఇంకో గొర్రె కింద ఎట్ల కలిపేదో తెలుసా అమ్మా అని అడిగాడు. తెలియదన్నాను. ఒక్క పూట కడుపు మాడ్చాల అన్నాడు. కడుపు నిండిన పిల్ల పాత తల్లినే ఎతుకుతాది, ఆకలైన పిల్ల ఎవురు పాలిస్తే వాళ్ళను తల్లి అంటాది. అది తాగుతాండేటప్పుడే నువ్వు తప్పుకోవాల, ఎనక్కి తిరిగి చూడగూడదు. అట్ల చేస్తే పిల్ల ఏడ్సదు, నెమ్మదిగా కలిసిపోతాది.

మనిషి పిల్ల కదా మామా అన్నాను. కడుపు కడుపే కదమ్మా అన్నాడు. ఆ మాట అంటూ కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. మంజు ఏడవకుండా ఉండాలంటే ఈ లోకంలో నాకు దారి చెప్పింది ఆయనొక్కడే.

24 మే, శుక్రవారం, హుబ్బళ్ళి లాడ్జి

తెల్లవారి ఐదున్నరకు బయలుదేరాం. పక్కింటి హనుమేశ్ అన్న ఓమ్ని వ్యాను అడిగి తెచ్చాడు మా ఆయన. చళ్ళకెరె రాకముందే కిటికీ సీటు కోసం మూడు యుద్ధాలు. మా పెద్దోడు గోపికి తొమ్మిదేళ్ళు, న్యాయం చెప్పాడు: ఊరు మారితే సీటు మారాలంట. అక్కడి నుంచి రోడ్డు పక్క టీ అంగడి కనబడినా ఊరొచ్చింది ఊరొచ్చింది అని శిల్ప గోల. దానికి ఆరేళ్ళు, నోరు అరవై.

చిత్రదుర్గం దగ్గర గుట్టల మీద గాలిమరలు. మా పిల్లలు కళ్ళు తెరిచింది మొదలు సోలార్ ప్లేట్లే చూశారు. వీళ్ళకి ఎండ లేదా, ఇంతింత ఫ్యాన్లు యాలకు పెట్టుకున్నారు అని మంజు అడిగింది. ఆయన పడీ పడీ నవ్వి బండి పక్కకు ఆపాడు. దిగి బాటిల్ నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

దావణగెరెలో బెణ్ణె దోసె. మంజు చొక్కా అంతా వెన్న. హావేరి దాటాక నా ఒళ్ళో నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కింది. జరపలేదు.

దాని బట్టలన్నీ వేరే బ్యాగులో ఉన్నాయి. రెండు రోజులకు ఇన్ని గౌన్లు ఎందుకు మా అని శిల్ప అడిగింది. పిల్లలకు కళ్ళు ఉండకూడదు.

25 మే, శనివారం, కార్వార్

యల్లాపుర దాటాక ఘాట్‌లో ముగ్గురూ వాంతులు. మూడు కవర్లు, నాలుగో కవరు నాకు. ఎండిన నేల తప్ప ఎరగనివాళ్ళం, ఇన్ని చెట్లు చూసేసరికి కడుపు తిప్పింది అన్నాడు ఆయన.

మధ్యాహ్నం సముద్రం. గోపి దూరం నుంచే అరిచాడు. మంజు మాత్రం నా చీర చెంగు వదలలేదు. ఇంత నీళ్ళు ఎవురు వదిలినారు, మోటార్ ఆపమను అంది. మా ఊళ్ళో నీళ్ళంటే అంతే కదా, ఎవరో ఒకరు వదలాలి, ఎవరో ఒకరు ఆపాలి. తర్వాత భయం పోయింది. చీకటి పడేదాకా నీళ్ళలో నుంచి రాలేదు. వీపు మీద ఇసుక తుడుస్తుంటే రేపు కూడా వస్తాం కదా అంది. ఊ అన్నాను.

అబద్ధం చెప్పటం అలవాటైపోయింది.

26 మే, ఉదయం 8.15

మామ చెప్పినట్టే చేస్తున్నాను. మా ఆయన గోపినీ శిల్పనూ హోటల్‌కు పిలుచుకుపోయాడు. తల దువ్వే వంకతో మంజును రూంలో ఆపాను. శిల్ప మూతికి చట్నీ అంటించుకుని వచ్చింది. మంజు చూసింది. అమ్మా నాకి అంది. పోయే ఇంట్లో తిందువులే అన్నాను. బ్యాగులో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. జిప్పు మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాను, మళ్ళీ పెట్టి మళ్ళీ తీసుకున్నాను.

26 మే, సాయంత్రం, హుబ్బళ్ళి దారిలో

అయిపోయింది.

బండి ఎక్కినప్పటి నుంచి మంజు ఆకలి ఆకలి అంది. పోర్టు కాలనీ ఊరికి అటువైపు, దారి తప్పి గంట తిరిగాం. మూడుసార్లు అడిగింది. నాలుగోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు. ప్రశాంత్‌కుమార్ మీద, మామ మీద, చచ్చిపోయిన నా చెల్లెలి మీద. నోరు మాత్రం దాని మీదే లేచింది. ఇంకోసారి ఆకలి అన్నావంటే ఈడనే వదిలిపెట్టి పోతాను చూడు అన్నాను. రోజుకు పదిసార్లు ముగ్గురినీ అనే మాటే. నోరు మూసుకుని కూర్చుంది. వెనక సీట్లో శిల్ప కూడా గోల ఆపేసింది.

అతని రెండో భార్య పేరు నయన. గేటు దగ్గరే నిలబడి ఉంది. గోపినీ శిల్పనూ బండిలోనే ఉంచాం. చెడ్డది అయితే బాగుండునని కోరుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. చెడ్డది కాదు. కన్నడలో మెల్లగా మాట్లాడుతుంది; సరిహద్దు వాళ్ళం, పిల్లలతో సహా మాకు ఆ భాష వచ్చు. లోపలికి పిలిచి, మంజు ఎత్తుకు వంగి, బొమ్మ ఏదీ ఆశ చూపించకుండా, దోసె తింటావా అని అడిగింది. మంజు నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

పల్చటి దోసెలు, బెల్లం కొబ్బరి. ఆమె తుంచి పెడుతుంటే మంజు నాలుగు తిన్నది. నా చేత్తో ఎప్పుడూ రెండు దాటలేదు. మామ మాట ఎంత నిజమో కళ్ళారా చూశాను. నిజం కాకపోతే ఎంత బాగుండేది.

ఐదో దోసె పెట్టేటప్పుడు మా ఆయన నా భుజం తట్టాడు. లేచాను. పోతున్నానని చెప్పలేదు. ముద్దు పెట్టుకోలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ప్రశాంత్‌కుమార్ గేటు దాకా వచ్చి ఏదో అన్నాడు, వినలేదు.

ఘాట్‌లో ఎవరికీ వాంతి కాలేదు. మంజు ఏదని గోపి అడిగాడు. వాళ్ళ నాయన ఇంట్లో ఉంటాదని ఆయన చెప్పాడు. ఎన్ని రోజులు అన్నాడు. ఆయన గేరు మార్చాడు. కిటికీ సీటు ఖాళీగానే ఉండింది, దానికోసం ఎవరూ కొట్లాడలేదు.

27 మే

ఇంటికి చేరాం. మామ గడపలోనే నిలబడి ఉన్నాడు. తాగిందా అని అడిగాడు. తాగింది మామా అన్నాను. ఏడ్సిందా అన్నాడు. లేదన్నాను. ఇంక భయం లేదులే అన్నాడు. ఆ పూట ఆయన కంచం ముట్టలేదు.

28 మే

డ్యూటీకి పోయాను. మారక్క నా మొహం చూసి నా వరస ప్లేట్లు కూడా తనే కడిగింది.

2 జూన్, ఆదివారం

ప్రశాంత్‌కుమార్ ఫోటో పంపాడు. యూనిఫాం, నెత్తిన రెండు పిలకలు. పాపిడి వంకరగా తీశారు. దానికి ఎడమ పక్క సుడి ఉంది, దువ్వెన అక్కడ ఆగుతుంది, వాళ్ళకేం తెలుసు. ఆ ఫోటో మామకు చూపిస్తే ఫోన్‌ను కళ్ళకు ఆనించుకున్నాడు. చిక్కిందేమో అన్నాడు. లేదు మామా, ఫోటోలో అట్ల కనిపిస్తాది అన్నాను.

చిక్కింది.

9 జూన్, ఆదివారం

నయన తనే ఫోన్ చేసింది. ఇదే మొదటిసారి. గొంతు తగ్గించి మాట్లాడింది, వంటింట్లో నుంచి కాబోలు.

పాప మంచిదక్కా, ఏడవదు, మొండికేయదు, పెట్టింది తింటుంది అంది. కానీ అడగదు. స్కూల్ నుంచి రెండింటికి వస్తుంది, పెట్టకపోతే ఐదు దాకా అలాగే కూర్చుంటుంది. మొన్న ఈమెకు జ్వరం వచ్చి పడుకుంటే పొద్దుగూకే దాకా పిల్ల ఒట్టి మంచినీళ్ళతో ఉన్నదట. ఆకలి అని ఎందుకు చెప్పలేదు తల్లీ అని అడిగితే, ఆకలి అంటే వదిలిపెట్టి పోతారు కదా అందట. అక్కా, మీకేమన్నా తెలుసా, ఎవరన్నా అలా అన్నారా అని అడిగింది.

హలో హలో అంటూనే ఉంది. నేనే అన్నాను నయనా, నేనే అన్నాను అని చెప్పి, ఆమె ముందు ఏడ్చాను. ఎవరి ముందు ఏడవకూడదని అనుకున్నానో ఆమె ముందే. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే సగం బరువు తగ్గేది.

మంజుకు ఫోన్ ఇమ్మన్నాను. బుజ్జీ అన్నాను. ఊ అంది. అన్నం తిన్నావా అన్నాను. నాకి ఆకలి కాదు మా, పిల్చుకపో అంది.

10 జూన్

ముద్ద దిగలేదు. చేసుకున్నవారికి చేసుకున్నంత.

మామకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. గొర్రెకు మన మాట తెలీదమ్మా, ఆ సంగతి నేను మర్చిపోతిని అన్నాడు. తప్పు నాదే అన్నాడు. తిట్టిన నోరు నాది మామా అన్నాను. తప్పు నాది అంటే నాది అని ఇద్దరం కాసేపు పంచుకున్నాం. పంచుకున్నా తరగలేదు.

12 జూన్, బుధవారం

ఆయనతో తేల్చి చెప్పాను. సోమవారం బక్రీద్ సెలవు. శనివారం బయలుదేరితే వచ్చేయొచ్చు. మళ్ళీ తెచ్చుకుందామంటావా మేయ్, వాళ్ళు ఒప్పుకోరు అన్నాడు. తెచ్చుకునేకి కాదు అన్నాను. దాన్ని కూర్చోబెట్టుకుని, నువ్వు ఆకలి అన్నందుకు కాదు తల్లీ, నీది ఏ తప్పూ లేదు అని చెప్పాలి. అది నమ్మేదాకా చెప్పాలి. అంతే. దాని కోసం వెయ్యి కిలోమీటర్లా అని ఆయన అనలేదు. హనుమేశ్ అన్నకు ఫోన్ చేశాడు.

నయన రమ్మంది. ప్రశాంత్‌కుమార్‌కు తను చెబుతానంది.

14 జూన్

ఈసారి మామ కూడా వస్తానన్నాడు. కొత్త పంచె తీసి పెట్టుకున్నాడు. నాలుగున్నరేళ్ళ పిల్లకు ఏ మాటలతో చెప్పాలో రాసుకుందామని కూర్చున్నాను. మూడు పేజీలు చించేశాను.

15 జూన్, శనివారం, ఉదయం 4.50

ఓమ్ని వచ్చింది. మామ, గోపి ఎక్కారు. శిల్ప రావటం లేదు. గడప దగ్గర తలుపు పట్టుకుని నిలబడింది. ఎంత పిలిచినా కదలదు. ఎత్తుకోబోతే చెయ్యి వదిలించుకుంది.

తనే చెప్పింది, నేను ఇంట్లోనే ఉంటా, నాకి ఆకలి కాలేదు మా, మీరు తిరిగి వచ్చేదాకా కాదు అని.