ఆ మూలనున్నోడు

జూలై 1984, మంగళవారం

జెల్ ఎప్పుడో కడిగేశాను గానీ చేతిలో ఇంకా ప్రోబ్ ఉన్నట్టే ఉంది. నిద్ర రావడం లేదు.

గుండె కదలికను తెర మీద చూపే కొత్త ఎకో మెషీన్ మీద ఇవాళ అప్పలనాయుడు గారి గుండె చూశాను. భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చిన దగ్గర్నుంచీ రోలింగ్ మిల్లులో కూలీల గ్యాంగుల చేత పని చేయించిన ఛార్జ్‌మన్. మూడు నెలల కిందట గుండెపోటు వచ్చింది. స్క్రీన్ ఆయనకూ కనిపిస్తోంది. గుండె గోడంతా ముడుచుకుంటోంది, ముందువైపు ముక్క ఒక్కటే కదలడం లేదు. నేను నోరు విప్పకముందే ఆయన అందుకున్నారు.

"ఏటి డాక్టరమ్మా, అందరూ లాగతన్నారు, ఆ మూలనున్నోడు కదల్డేటి? సచ్చిపోనాడా, కూకున్నాడా?"

నా ప్రశ్నా సరిగ్గా అదే! చచ్చిన కండరం మళ్లీ లేవదు. రక్తం చాలక కూర్చున్నదైతే లేస్తుంది. గుండెకు రక్తం బాగా అందించే మాత్ర నాలుక కింద పెట్టించి, ప్రోబ్ తీయకుండా చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఆ ముక్క కొంచెం లోపలికి ముడుచుకుంది. కదిలింది!

నిజంగా చూశానా, లేక కదలాలని కోరుకున్నాను కాబట్టి అలా కనిపించిందా? రేపు పెద్ద డాక్టరు గారు అడిగితే...

కానీ నేను పైకి ఒక్క మాటా అనలేదు. "అదిగో, లేసినాడు" అన్నది ఆయనే.