పదింటి ఆరాధనకి తొమ్మిదికే

హామిల్టన్,
8 నవంబరు 2023, బుధవారం.

పూజ్యులైన గ్లోరియా టీచర్ గారికి,

ప్రభువు నామంలో మీ సండే స్కూలు షెర్లీ చేతులు జోడించి వందనాలు. ఇక్కడి చలికి చేతులు జేబుల్లోంచి బయటికి రామంటున్నాయి, అయినా మీకు మాత్రం గ్లౌజులు తీసే జోడించాను. నేను క్షేమం. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని తలుస్తాను. కుర్చీలో తీరిగ్గా కూర్చుని చదవండి, మనవాళ్ళం గెలిచాం!

మా తెలుగు సహవాసానికి సొంత గుడి లేదని మొన్న రాశాను కదా. కాలేజీ దగ్గర ఒక చర్చివాళ్ళు, మూడు వారాలు చూస్తామంటూ హాలు ఇచ్చారు. పదింటికల్లా మొదలుపెట్టాలి, పన్నెండింటికి ఖాళీ చేయాలి. మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదా! పదింటికి అంటే పదకొండుకి తలలు కనబడతాయి. రెండు వారాలూ అదే వరస. హాలు చూసుకునే డేవిడ్‌సన్ అనే తెల్లాయన మాటిమాటికీ వాచీ చూసుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి కూడా ఆలస్యమైతే హాలు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆ చర్చి కమిటీ తేల్చి చెప్పింది. అది పోతే అరవై మందిమి ఎక్కడ కలుసుకుంటాం? సెప్టెంబరులో చదువుకని వచ్చి దిగిన పిల్లలు నోరారా తెలుగు మాట్లాడేదీ, ఏడ్చేదీ అక్కడే.

సరిగ్గా ఆ మూడో ఆదివారమే ఇక్కడ గడియారాలు మారాయి. సాయంత్రాలు ఎక్కువసేపు వెలుగుండాలని మార్చిలో గంట ముందుకు జరుపుతారు. చలికాలంలో అలాగే ఉంచితే పిల్లలు చీకట్లో బడికి పోవాలి. అందుకని నవంబరు మొదటి ఆదివారం, తెల్లవారుజామున రెండయ్యేసరికి మళ్ళీ ఒంటిగంట చేసేస్తారు. ఫోన్లు వాటంతటవే సర్దుకుంటాయి. నోటీసులు పెట్టే పని నాది. టైము మారుతోంది, పదింటి ఆరాధనకి తొమ్మిదికే రావాలి అని శనివారం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎప్పుడూ గంట ఆలస్యంగా వచ్చేవాళ్ళు అప్పుడూ గంట ఆలస్యంగానే వచ్చారు. అంటే సరిగ్గా పదింటికి!

పదికి ఇంకా ఐదు నిమిషాలుందనగా బస్సు ఆగింది. మా పాటలకి వాయించే ఎరిక్ డోలక్ చంకన పెట్టుకుని దిగాడు, వెనకే అందరూ. పదయ్యేసరికి కుర్చీలు చాల్లేదు. పాట ఎత్తుకుంటే కిటికీ అద్దాలు అదిరాయి. మూడో చరణానికి డేవిడ్‌సన్ గారూ చప్పట్లు కలిపారు. ఏడాదిపాటు హాలు మనదే! సంఘ పెద్ద ఎలియాజరు అంకుల్ అందరి ముందూ నన్ను నిలబెట్టి, మనవాళ్ళ నాడి తెలిసిన పిల్ల అని మెచ్చుకున్నారు. ఆలస్యానికి మీ చేత చీవాట్లు తిన్న షెర్లీనే, టీచర్ గారూ!

ప్రార్థనలో నా పేరు మరవకండి.

మీ శిష్యురాలు,
షెర్లీ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. మీకు అబద్ధం రాయలేను. అది ఎత్తు కాదు, పొరపాటు. గడియారం ఎటు జరుగుతుందో, ఫోను దానంతటదే మారుతుందో లేదో ఏమీ తెలియకుండానే తొమ్మిది అని పెట్టేశాను. తొమ్మిదికి నేనొక్కదాన్నే వెళ్ళి, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాను. ఎవరూ రాలేదు. అసలు టైము పదైపోయింది, హాలు పోయిందనే అనుకున్నాను, ఏడుపొచ్చేసింది. తొమ్మిదిన్నరకి డేవిడ్‌సన్ గారొచ్చి తాళం తీస్తూ చెబితేనే, పైన రాసిన గడియారం పాఠమంతా తెలిసింది. అంకుల్‌కి కూడా వచ్చే ఆదివారం చెప్పేస్తాను. చిన్నప్పుడు ఆలస్యంగా వస్తే మీరు నన్ను తలుపు బయట నిలబెట్టేవారు. అందరికంటే ముందొచ్చి తలుపు బయట నిలబడటం నా జన్మలో ఇదే మొదటిసారి.