మగ్గం చప్పుడుకు వచ్చే చేపలు

జులై 6
మనవరాలు హారిక వనపర్తి హాస్టల్‌కు పోతూ తన చేపల తొట్టిని నా నెత్తిన పెట్టింది. పదకొండు నియాన్ టెట్రాలు. బొటనవేలంత కూడా లేవు. ఒంటి మీద నీలి గీత, తోక వైపు ఎరుపు. "అవ్వా, ఇవి గుంపులనే ఉండాలె. ఒక్కటి తగ్గినా నాకు చెప్పు." ముప్పై ఏళ్లు బళ్లో హాజరు పిలిచినదాన్ని... నాకు చెప్తోంది.

జులై 7
తొట్టి హాల్లో. మా ఆయన గుంట మగ్గమూ హాల్లోనే. మగ్గం మొదటి దెబ్బకే పదకొండూ తొట్టిలో ఉన్న ఒక్క మొక్క వెనక్కి. తొట్టి జరుపుదామంటే దాని మోటారుకు ప్లగ్గు ఇక్కడొక్కటే. మగ్గం జరపమన్నాను. "గుంతను యాడికి జరుపుతరు, పంతులమ్మా?"

జులై 10
మేత ముట్టడం లేదు.

జులై 14, అమావాస్య
మగ్గానికి సెలవు. ఇల్లు నిశ్శబ్దం. చేపలు బయటికొచ్చాయి — ఒకటి మళ్లితే అన్నీ మళ్లుతాయి. ఆయన స్టూలేసుకుని గంటసేపు చూశాడు. "గీ నీలం పట్టుల రాదు." నా గురించి ఇంత మాట ఎన్నడూ అనలేదు.

జులై 15
కొత్త పద్ధతి. ఆయన మెల్లగా ఒక దెబ్బ. నేను చిటికెడు మేత. మళ్లీ దెబ్బ...

ఆగస్టు 1
దెబ్బ పడగానే అన్నీ అద్దం దగ్గరికి. నా క్లాసులో గంట కొట్టినా ఇంత క్రమశిక్షణ లేదు. పదకొండోది మాత్రం రోజూ ఆలస్యం. అలాంటిది ప్రతి బళ్లోనూ ఒకటుంటుంది. నాకు అదే ఇష్టం.

ఆగస్టు 9
ఆయన పోగు తప్పుతున్నాడు. చూసి కాదు, తడిమి పట్టుకుంటున్నాడు. "కంట్ల దుమ్ము పడ్డది." నెల రోజులుగా అదే దుమ్ము.

ఆగస్టు 17
వనపర్తి దవాఖానలో చేర్చాం. రేపు కంటి శుక్లం తీస్తారు. హారిక తోడుంది, చేపల కోసం నేను వెనక్కి వచ్చాను. "పోగు కనవడకుంటె మగ్గం తీసేస్త" అన్నాడు, గోడ వైపు చూస్తూ. తర్వాత — "చీర సగంల ఉన్నది. చెయ్యి పెట్టకు."

ఆగస్టు 18
ఆపరేషన్ అయిందని ఫోను. మేత వేశాను, చేపలు రాలేదు. అద్దం తట్టినా రాలేదు. వాటికి దెబ్బ కావాలి.

ఆగస్టు 19
నలభై అయిదేళ్ల కాపురంలో మొదటిసారి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. లాగి కొట్టాను, అయిదారు సార్లు. పదకొండూ వచ్చాయి. పేక, అంటే అడ్డపోగు, వెయ్యకుండా ఉత్తగా కొట్టకూడదట — చీరకు అడ్డంగా మందపు గీత పడ్డాక తెలిసింది.

ఆగస్టు 20
వచ్చాడు, నల్లద్దాలతో. నేరుగా మగ్గం దగ్గరికి. వేలితో చీర తడిమాడు.
"ఎవరు కొట్టిండ్రు?"
"చేపలకు ఆకలైంది."
ఆయన వేలు గీత మీద ఆగింది.
"చేపలకైతే జర మెల్లగ కొట్టాలె."

ఆగస్టు 27
నల్లద్దాలు తీశాడు. తొట్టి ముందు కూర్చుని, మంచి కన్ను చేత్తో మూసి, ఆపరేషనైన కంటితో లెక్కపెట్టాడు.
"పది."
మళ్లీ చూడమన్నాను.
"పదే. మంచిగ కనవడ్తున్నయి. రేపు మగ్గమెక్కుత."
ఎన్నాళ్లకో నవ్వాడు. మొక్కను కడగడానికి పొద్దుననే బయట పెట్టాను, చేప దాక్కునే చోటు లేదు. పది నిజమైతే కన్ను వచ్చింది, రోజూ ఆలస్యంగా వచ్చే నా పదకొండోది పోయింది. పదకొండు ఉంటే...
లెక్కపెట్టాలంటే నాకూ కళ్లజోడు కావాలి, అది చేతిలోనే ఉంది. ఇంకా పెట్టుకోలేదు.